దడి అవతలి చప్పుడు

మా అయ్యకి చూపు పోయిన సంగతి ఆ ఏడు గానుగ మొదలైన రోజుదాకా నాకు తెలీదు. ఒకే కప్పు కింద తిని పడుకునే కొడుకుని, అయినా తెలీదు. మగవాళ్లం ఒకరి మొహం ఒకరం అంతగా చూసుకోం.

డెబ్భై తొమ్మిది జనవరి నెల అది. నర్సీపట్నం దాటి గొలుగొండ రోడ్డు మీద రెండు మైళ్లు వెళ్తే నారాయణమూర్తిగారి చెరుకు తోటలు, తోటల మొదట్లో ఆయన గానుగ దొడ్డి. రోడ్డుకి ఇవతల మా పాక. ఆ జాగా ఆయనదే. పాకం పట్టేవాడు పెనానికి దగ్గర్లో ఉండాలని ఆయన తండ్రి మా తాతకి చూపించిన జాగా. పెనం మా చేతిలో ఉన్నన్నాళ్లు పాక మాది. ఆ మాట ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పెట్టక్కర్లేకుండానే అందరికీ తెలుసు.

చెరుకు రసం మరిగి మరిగి బెల్లమయ్యే క్షణం ఒకటుంటుంది. కాస్త ముందు దించితే ముద్ద గట్టిపడదు. కాస్త ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. ఆ క్షణం చెప్పేవాడే పాకం పట్టేవాడు. నరికేవాళ్లు, మోసేవాళ్లు, గానుగలో చెరుకు పెట్టేవాళ్లు, ఇంతమంది చాకిరీ వాడు తల ఊపడం మీద ఆధారపడి ఉంటుంది. మా అయ్య సింగన్న ముప్ఫై ఏళ్లు తల ఊపాడు. సింగన్న బెల్లం అంటే అనకాపల్లి బజారులో మూట విప్పకుండా కొనేవారని చెప్పుకునేవారు.

ఆ రోజు పొద్దున్న మొదటి పెనం పొయ్యి మీదికి ఎక్కగానే అయ్య పొడుగు కాడ గరిటె నా చేతికిచ్చాడు.

"ఇయ్యాల్నుంచి నువ్వే."

"నాకేటి తెలుసు అయ్యా?"

"తెలియక్కర్లేదు." నా మెడ మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. చుట్ట కంపు. "సెవి ఎనక్కి పెట్టుకో. దడి అవతల సువ్వ సప్పుడు ఒకసారైతే ఆముదం సుక్క వెయ్యి, పొంగు దిగుద్ది. రెండుసార్లైతే దించమను. అంతకుమించి ఏటీ సెయ్యకు. గరిటెతో తియ్యి, సన్నీళ్లలో ఒంపు, ఏళ్లతో నొక్కు, తలూపు. అందరూ సూడాలి."

"సువ్వ ఎవరు కొడతారు?"

అయ్య తల నా వైపు తిప్పాడు. ఆయన కళ్లు నా మొహం మీద లేవు. నా భుజం పక్కనున్న గుంజని చూస్తున్నాయి, అదే నేననుకుని.

పొయ్యి నోరు పెనం వెనక, తాటాకు దడికి అవతల, కిందికి తవ్విన గోతిలో ఉంటుంది. ఎండిన చెరుకు పిప్పి అక్కణ్నించి లోపలికి తోసి, ఇనప చువ్వతో ఎగదోస్తారు. ఆడవాళ్లు దడి దాటి పెనం వైపు రాకూడదు. ఆడదాని కన్ను పడితే పాకం విరుగుతుందని మాట. గోతిలో కూచుని మంట వెయ్యొచ్చు. పొగకీ వేడికీ బూడిదకీ ఏ అడ్డూ లేదు. మా అప్ప, అంటే అక్క, జోగులమ్మ పదేళ్ల వయసునుంచీ ఆ గోతిలో ఉంది. ఆ ఏటికి దానికి ఇరవై, నాకు పద్దెనిమిది.

రెండు గంటలు మరిగింది రసం. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. మాకు బావ వరసయ్యే దేవుళ్లు గానుగలో చెరుకు పెడుతూ నన్నే చూస్తున్నాడు. వాడికి నోరు ఊరుకోదు.

"ఏటి తాతబ్బాయి, పెళ్లికొడుకులాగ నిలబడ్డావు? సెమటలు సూడు."

గానుగ తిప్పే ఇంజను బుడబుడలాడుతోంది. ఆ మోతలో నాకు ఏ చప్పుడూ వినపడదేమోనని దడి వైపు ఒక అడుగు జరిగాను. అంతలో టంగ్‌మని ఒక్కసారి. ఆముదం చుక్క వేశాను. పొంగు చెప్పినట్టు దిగింది. మళ్లీ కాసేపటికి టంగ్, టంగ్. ఎవరికైనా చువ్వకి అంటిన మసి దులుపుతున్నారనే అనిపిస్తుంది.

గరిటెతో తీశాను, నీళ్లలో ఒంపాను, నొక్కాను, తల ఊపాను. నలుగురు మనుషులు పెనం ఎత్తి చెక్క తొట్టిలో వొంచారు. గంటలో ముద్ద కట్టింది. పసుపు కొమ్ము రంగు.

నారాయణమూర్తిగారు ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు. "నెత్తుట్లో ఉండాలిరా ఇది. సింగన్న కొడుకు కాకపోతే ఎవడికొస్తాది" అన్నారు.

అయ్య మంచం మీద కూచుని నవ్వాడు. దడి అవతల అప్ప దగ్గింది, పొగకి.

సాయంత్రం నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటూ అడిగాను. "ఎన్నాళ్లనుంచి?"

"ఏటి ఎన్నాళ్లు?"

"సువ్వ."

"మూడో ఏడు." అప్ప చేతుల మసి ఇటుక ముక్కతో రుద్దుకుంటోంది. "అయ్యకి అప్పుడే కళ్లు మసకేసేయి. సుట్టతో ముక్కు ఎప్పుడో పోయింది."

అంటే రెండేళ్లుగా ఊరంతా మెచ్చుకున్న సింగన్న పనితనం అప్పదే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు.

"పెనం కనపడకుండా నీకెలా తెలుస్తాది?"

"కనపడ్డమెందుకు? ఇనపడతాది కదా. ముందర వాన కురిసినట్టుంటాది. తరవాత కప్పలు అరిసినట్టు. దగ్గరికొచ్చేసరికి మాట తగ్గిపోయి, ముసిలోడు గుర్రుపెట్టినట్టు గుబ్, గుబ్ మంటాది. అప్పుడు వాసన మారుతాది. పచ్చి వాసన పోయి వేగిన శెనగల వాసనొత్తాది. అది ముక్కుకి తగిలాక పది ఊపిర్లు. అంతే."

అంతే అంది. నేను ఆరో తరగతిలో ఉండగా బడి మాన్పించి నన్ను పెనం దగ్గర నిలబెట్టాడు అయ్య. కొడుకు కాబట్టి. మొదటి వారంలోనే పాకం చిమ్మి ముంజేయి బొబ్బలెక్కింది. ఏడిస్తే, ఆడపిల్లలాగ ఏడుత్తావేట్రా అని అందరూ నవ్వారు. అప్పటినుంచి ఆ పెనం అంటే నాకు వణుకు. ఆరేళ్లు దాని పక్కనే నిలబడి, దాన్ని చూడకుండా ఉండటం ఒక్కటే నేర్చుకున్నాను. అప్ప చేతులనిండా కాలిన మచ్చలు. అది ఏడ్చిందో లేదో ఎవరూ చూడలేదు. గోతిలో ఉండేది కదా.

ఆ విధంగా గడిచింది నెల. రోజుకి మూడు పెనాలు. చప్పుడు వచ్చేదాకా నా చెవి దడి మీదే ఉండేది. ఒకసారి సరిగ్గా పాకం వేళకి చింతపల్లి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. చువ్వ మోగినట్టే ఉంది. ఒకటో రెండో తెలీలేదు. గరిటె పట్టుకుని చచ్చినవాడిలా నిలబడిపోయాను. అప్ప మళ్లీ కొట్టింది, గట్టిగా, రెండు. దేవుళ్లు దడి వైపు చూశాడు.

"ఓలమ్మ జోగులూ, ఆ సువ్వ ఏటి పాపం సేసింది? అలా బాదుతున్నావు?"

"మసి ఒదలట్లేదు బావా" అంది అప్ప దడి అవతలనుంచి.

ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. ఒక్క మనిషికి తెలిస్తే చాలు. పాకం ఆడది చెబుతోందట అని ఒక్క మాట వస్తే, అంతకుముందు దిగిన బెల్లమంతా బాగుందన్న సంగతి ఎవరికీ పట్టదు. పెనం పోతుంది, పెనంతో పాక. అయ్య గుడ్డివాడు. నాకేమీ రాదు.

ఫిబ్రవరిలో నారాయణమూర్తిగారి తల్లి రామాయమ్మగారు దొడ్డికి వచ్చింది. ఏటా ఒకసారి వచ్చి, దూరంగా కుర్చీ వేయించుకుని, పచ్చి రసం తాగి పోయేది. ఆవిడా దడి దాటేది కాదు. మా అమ్మ తలుపులమ్మ గ్లాసు కడిగి ఇచ్చింది.

"తలుపులూ, నీ కూతురు కిందటి నెల బయట కూచున్నట్టు లేదు" అంది ఆవిడ, గ్లాసు లోపలికి చూస్తూ.

మాలో ఆడవాళ్లు నెలకి మూడు రోజులు ఇంటి బయట చాప వేసుకుని కూచోవాలి. ఇల్లు రోడ్డు పక్కనే కాబట్టి ఎవరు ఎప్పుడు కూచున్నారో ఊరందరికీ లెక్కే. కిందటి నెల ఆ మూడు రోజులూ అప్ప గోతిలోనే ఉంది. చెప్పకుండా వచ్చి మంట వేసింది. అమ్మకొక్కదానికే తెలుసు. ఆ మూడు రోజుల బెల్లాన్నే నారాయణమూర్తిగారు ఎంచి పక్కన పెట్టించారు, రంగు బాగుందని.

"నీరసమండి" అంది అమ్మ. "నెల అటూ ఇటూ అయిందండి."

"అటూ ఇటూ అయితే పరవాలేదు. అటే పోతే కష్టం. రాయవరం సంబంధం మాటాడుతున్నారంట కదా."

గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది. అంతకుముందు ఏళ్లలో అప్పని ఎవరూ పట్టించుకోలేదు. ఎస్. రాయవరంలో మా మేనమామ కొడుక్కి చేసుకుంటామన్న మాట వచ్చిన దగ్గర్నుంచి అందరి కళ్లూ దాని చాప మీదే.

ఇంటికొచ్చి అమ్మ గడపలో కూలబడింది. "ఈ నెల కూకోవే తల్లీ. నీ కాళ్లట్టుకుంటాను."

"పెనం ఎవరు సూత్తారు?" అంది అప్ప.

"పెనం పోతే పాక పోద్ది. మాట పోతే నువ్వే పోతావు."

అయ్య గోడకి జారబడి చుట్ట నలుపుతూ కూచున్నాడు. ఏదో ఒకటి అంటాడని ముగ్గురం చూశాం. చుట్ట వెలిగించుకున్నాడు.

నాలుగు రోజుల తరవాత అప్ప చాప బయట వేసుకుంది. ముందురోజు సాయంత్రం నన్ను కూచోబెట్టి మళ్లీ చెప్పింది. వాన, కప్పలు, గుర్రు, శెనగల వాసన, పది ఊపిర్లు. బడిలో ఎక్కాల్లాగ నాచేత చెప్పించింది. అన్నీ చెప్పాను. అప్ప నా మొహంలోకి చూసి, "భయపడకు" అంది. అది మాత్రం నేర్పలేకపోయింది.

ఆ పొద్దున్న గోతిలో ఒక ముసలి కూలివాడు మంట వేస్తున్నాడు. అయ్య మంచం మీద. పెనం మరుగుతోంది. వాన చప్పుడు విన్నాననుకున్నాను. కప్పలు విన్నాననుకున్నాను. ఇంజను మోతలో ఏది పెనం చప్పుడో ఏది నా గుండె చప్పుడో తెలీలేదు. ఒక్కసారి ముక్కుకి ఏదో తగిలింది. శెనగలే. శెనగలే అయ్యుండాలి. ఊపిర్లు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పది అయ్యాయి.

గరిటెతో తీశాను, నీళ్లలో ఒంపాను, నొక్కాను. వేళ్ల మధ్య జారింది. అందరూ చూస్తున్నారు. తల ఊపాను.

మధ్యాహ్నానికి కూడా తొట్టిలోది గట్టిపడలేదు. దేవుళ్లు వేలు పెట్టి చూశాడు. వేలు మొదలంటా దిగింది.

"సింగన్న మావా, ఇది బెల్లం కాదు. ముద్దపప్పు. నెయ్యేసుకుని తినీడమే."

ఎవరూ నవ్వలేదు. నారాయణమూర్తిగారు వచ్చారు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగారు. ఆయన కోపిష్టి మనిషి కాదు. అదే భయం నాకు. కోప్పడేవాడైతే అరిచి వదిలేస్తాడు.

"ఏటయిందిరా?"

అయ్య మొహం దడి వైపు తిరిగి ఉంది. అక్కడ ఎవరూ లేరని తెలిసి కూడా.

"నాలుగు వారాలు బంగారంలాగ దింపేవు. ఇయ్యాలేటయింది?" నారాయణమూర్తిగారు చుట్టూ చూశారు. "ఆడోళ్లెవరైనా ఇటు వచ్చేరేటి?"

ఆయన మామూలుగానే అడిగారు. రసంలో వేసే సున్నం ఎక్కువైందా అని అడిగినట్టు. జవాబు కోసం ఎక్కడా వెతకక్కర్లేదు. నోటి దగ్గరకే వచ్చి ఉంది.

"పొద్దున్న అప్ప వచ్చిందండి" అన్నాను. "బయటుండి కూడా, దడి దాకా."

అందరి ఒళ్లూ తేలికపడ్డట్టయింది. దేవుళ్లు కూడా ఊపిరి వదిలాడు. అదా సంగతి అన్నాడెవడో.

అప్పని పిలిపించారు. బయట ఉన్న మనిషి కాబట్టి దొడ్లోకి రాలేదు. రోడ్డు పక్కన చింతమొద్దు దగ్గర నిలబడింది. తల దువ్వుకోలేదు. నారాయణమూర్తిగారు ఇక్కణ్నించే గొంతు పెంచి అడిగారు.

"ఏమ్మా, పొద్దున్న పెనం దగ్గరికి వచ్చేవేటి?"

అప్ప ఆయన్ని చూడలేదు. ముందు తొట్టిని చూసింది. అంత దూరంనుంచి దానికి ఏం కనపడిందో నాకు తెలీదు. తరవాత నన్ను చూసింది.

"వచ్చేనండి" అంది.

"తెలిసే వచ్చేవా?"

"బుద్ధి గడ్డి తిందండి."

"సర్లే. చిన్నపిల్లవి. ఇక మీదట గానుగ దొడ్లో అడుగు పెట్టకు. మంటకి కూడా వద్దు."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. పెనాన్ని పసుపు నీళ్లతో కడిగించారు. అమ్మవారికి కోడిని కోయించారు. ఆ కోడి కూర మగవాళ్లం తిన్నాం.

పొద్దు వాలేవేళకి ఇంటికెళ్తే అమ్మ నాకేసి చూడలేదు. అయ్య మాత్రం తడుముకుంటూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "పెనం నిలబెట్టేవు" అన్నాడు.

అప్ప చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూచుంది. నేను నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాను. దగ్గరికి వెళ్లకూడదని ఆచారం ఉండటం ఆ రోజు నాకు మేలయింది.

"ఎన్నో ఊపిరికి దించేవు?" అంది.

"పదికే."

"భయపడి తీసిన ఊపిర్లా?"

నేను తల ఊపాను.

"అవి పదీ కలిపితే నాకు నాలుగు" అంది. "నేను సెప్పలేదు. నా తప్పే."

"లేదని ఎందుకు సెప్పలేదు?"

"రాలేదంటే మరి పాకం ఎందుకు సెడింది అంటారు. నువ్వేటి సెబుతావు? నామీద మాటొస్తే నేనొక్కద్దాన్నే. నీ మీదొస్తే పెనం పోద్ది, పాకా పోద్ది." చాప అంచు సర్దుకుని, "ఇంకో మాటే దొరకలేదేట్రా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

దొరకలేదు. వెతకలేదు కూడా. ఆ సంగతి ఇంతవరకూ దానికి చెప్పలేదు.

మూడు రోజులు గడిచి అప్ప తలంటుకున్నాక నెమ్మదిగా అడిగాను. దడి అవతల కాదు, తోట వైపు గట్టు మీదైనా కూచోమని. పాకం వేళకి దగ్గితే చాలని. "ఎవరికీ తెలియనియ్యను అప్పా."

"ఇన్నాళ్లూ తెలియకుండానే కదా వచ్చేను" అంది. ఆ గట్టుకి రాలేదు.

ఆ వారంలో ఇంకో పెనం పోయింది. ఈసారి దించడానికి భయపడి ఆగాను. ఆగి, ఆగి, దింపేసరికి తారులాగ ఉంది. నేను గరిటె తొట్టి మీద పెట్టేసి నిలబడ్డాను. ఇప్పుడు చెప్పడానికి ఎవరూ లేరు. దడి అవతల మగవాడు, ఇవతల మగవాళ్లు. ఇక నా పేరే చెప్తారు, చెప్పేస్తే పీడా పోతుందనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ నిమిషంలో అదే కోరుకున్నాను.

నారాయణమూర్తిగారు ముక్క తీసి వాసన చూశారు. "ఆ దిగువ మడి చెరుకు కదూ ఇది? వానల్లో నీరు నిలిచింది అక్కడ."

"సున్నం పాతదండి. సారం పోయింది" అన్నాడు దేవుళ్లు.

"పిప్పి మరీ ఎండిపోయిందిరా, మంట ఆగట్లేదు" అన్నాడు గోతిలోంచి ముసలివాడు.

రామాయమ్మగారు దిష్టి అని కబురు పంపింది. ఇంతమంది ఇన్ని చెప్పారు. ఒక్కడైనా, తాతబ్బాయి, నీకు పాకం రాదురా అనలేదు. అప్ప దూరంగా నిలబడినా పాకం విరుగుతుంది. నేను గరిటె పట్టుకుని పెనం మీద వంగి ఉన్నా, తప్పు చెరుకుదే. నారాయణమూర్తిగారు నా వీపు తట్టి, "దిగులుపడకు, మగాడన్నాక నాలుగు పెనాలు పోనీకుండా నేర్చుకుంటాడేటి" అన్నారు. ఆ మాటకి ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఏమంటారో తెలుసు కాబట్టి పొగ తగిలినట్టు కళ్లు తుడుచుకున్నాను.

మార్చి ఆఖరికి చెరుకు అయిపోయింది. ఆఖరి పెనం దించాక పాకం పట్టినవాడికి కొత్త పంచె, తువ్వాలు పెట్టడం ఆనవాయితీ. మంట వేసినవాళ్ల ఇంటికి పెనం అడుగున గోకిన మాడు ఇస్తారు. నాకు పంచె పెట్టారు. మాడు కూడా అలవాటు చొప్పున మా ఇంటికే పంపారు, అప్పకి. దాన్ని దొడ్లోకి రావద్దన్న సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

అయ్య పంచె అంచు వేళ్లతో తడిమి చూసి సంతోషపడ్డాడు. నేను ఆ రోజు దించిన బెల్లంలోంచి చిన్న ముక్క తెచ్చి అప్ప చేతిలో పెట్టాను. ఎందుకు తెచ్చానో తెలీదు. అప్ప నోట్లో పెట్టుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"మూడు ఊపిర్లు ముందు" అంది. "అయ్యకి సెప్పకు."

ముక్క గూట్లో పెట్టేసింది. అది అక్కడే చీమలు పట్టి పోయింది.

వైశాఖంలో అప్పకి పెళ్లయింది. అప్ప అత్తవారికీ చిన్న గానుగ ఉంది. అప్ప వాళ్లింట్లో కాలు పెట్టకముందే మాట అక్కడికి చేరింది, పాకం విరిచిన పిల్ల అని. మా బావ మంచివాడే. అయినా గానుగ రోజుల్లో దాన్ని వెనక వాకిట్లోంచి తిరగమనేవారట. అప్ప ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఇప్పటికీ ఆ వీధిలో ఎవరింట్లో పెళ్లయినా అరిసెల పాకానికి దాన్నే పిలుస్తారు. జోగులమ్మ దగ్గర లేకుండా మూకుడు పొయ్యి ఎక్కించరట. చిన్న మూకుట్లో పాకమైతే మగవాళ్లు వంటింటి గడప దాటకూడదు. పెద్ద పెనంలో అయితే ఆడవాళ్లు దడి దాటకూడదు. రెంటిలోనూ అదే బెల్లం.

మరుసటి ఏడు గోతిలోకి దేవుళ్లు తమ్ముణ్ణి పెట్టారు, మగ కూలి ఇచ్చి. నేను అప్పటికి ఎలాగో ఒకలాగ దించుతున్నాను. మరీ మంచిదీ కాదు, మరీ చెడ్డదీ కాదు. సింగన్న బెల్లం అన్న పేరు బజారులో మెల్లగా పోయింది. ఎవరూ అడగలేదు. కాలం మారింది, చెరుకు మారింది అనుకున్నారు. పదకొండేళ్లు పట్టాను ఆ గరిటె.

గోతిలోకి వచ్చిన మొదటి వారం దేవుళ్లు తమ్ముడు మసి దులపడానికి చువ్వని రాయికి కొట్టేవాడు. వాడికేం తెలుసు. ఒకసారి కొట్టేవాడు, రెండుసార్లు కొట్టేవాడు, రసం ఇంకా పచ్చిగా ఉండగానే కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా నా చెయ్యి గరిటె మీదికి పోయేది. నాలుగో రోజు ఉండబట్టలేక దడి చుట్టూ తిరిగి గోతి దగ్గరికి వెళ్లాను. ఏడేళ్లలో నేను ఆ వైపు వెళ్లడం అదే మొదలు. గోతి గోడకి చెయ్యి ఆన్చిన చోట అరచేతి నలుపు ఉంది, చిన్నది, ఆడమనిషిది.

"ఆ సువ్వ రాయికి కొట్టకు" అన్నాను.

"ఏం, ఏటవుద్ది?"

"పాకానికి మంచిది కాదు."

వాడు ఇంకేమీ అడగలేదు. చువ్వని నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

మా వైపు ఇంకా నాలుగైదు గానుగలు ఆడుతున్నాయి. మొన్న గొలుగొండ వెళ్తూ ఒకచోట ఆగాను. మంట వేసే మనిషి చువ్వని గోనెగుడ్డతో తుడుస్తున్నాడు, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు. అలా ఎందుకు, రాయికి రెండు దెబ్బలు కొడితే మసి రాలిపోతుంది కదా అన్నాను.

"అమ్మో, కొట్టకూడదండి" అన్నాడు. "పాకం విరిగిపోద్ది. పెద్దోళ్లు సెప్పేరు."